నిబియా అడిగే మూడు ప్రశ్నలు

"ఇవాళ చెప్పేస్తారు కదా?" అని డాక్టర్ ఎచెవెరీ గుమ్మంలోంచే అడిగాడు.

చెప్తానంది నర్సు నిబియా. అప్పటికే ఆమె చేతిలో ఫోనుంది. విభాగానికి కొత్తగా వచ్చిన ఆ డాక్టరు మంచివాడే. అదే చిక్కు, చెడ్డవాడైతే ఎదురు తిరగొచ్చు. ముగిసిపోయిన మందు ట్రయల్ పేరు చెప్పి రోగిని ఇంకా ప్రశ్నలు అడగకూడదని, నిజం తెలుసుకునే హక్కు ఆ పెద్దావిడకి ఉందని నిన్ననే నెమ్మదిగా చెప్పాడు.

రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టకుండా ఆపుతుందేమోనని ఓ కొత్త మాత్రని పన్నెండేళ్ల కిందట మాంటెవిడియోలోని ఆ ఆసుపత్రిలో పరీక్షించడం మొదలుపెట్టారు. సగం మందికి మందు, సగం మందికి ఉత్త పిండిమాత్ర. ఎవరికేది పడిందో ఇచ్చేవాళ్లకీ తెలియదు, మింగేవాళ్లకీ తెలియదు. మాత్రల గడువు తీరాక మిగిలింది ఫోనే. మూడు నెలలకోసారి నిబియా ఫోను చేసి మూడు ప్రశ్నలు అడగాలి: మనిషి ఎలా ఉంది, కొత్తగా గడ్డలేమైనా కనిపించాయా, వేరే మందులేమైనా మొదలుపెట్టారా. ఎన్నిసార్లు చేసినా ఫోను ఎత్తకపోతే పేరు పక్కన 'జాడ తెలియదు' అని రాయాలి. ఆ మాటంటే, దూరాన తక్వరెంబో ఊళ్లో ఉండే ఆ పెద్దావిడకి, జుల్మాకి, ఒళ్లుమంట. పోతే పోయానని రాయమని, జాడ తెలియదని రాస్తే మాత్రం బస్సెక్కి వచ్చి మరీ పోట్లాడతానని మొదట్లోనే హెచ్చరించింది.

ఆ ట్రయల్ నాలుగేళ్ల కిందట ముగిసింది. ఆ సంగతి తెలుపుతూ అందరికీ ఉత్తరాలు వెళ్లినప్పుడు నిబియా సెలవులో ఉంది. భర్త వాల్తెర్ చనిపోయిన వారం అది. తిరిగొచ్చాక ఏం చెయ్యాలో తోచక, అలవాటు చొప్పున జుల్మాకి ఫోను చేసింది.

"ఈసారి ఆలస్యం చేశావేం తల్లీ? నీ ఫోనుకోసమే చూస్తున్నా," అంది జుల్మా.

ఉత్తరం అందలేదన్నమాట, అనుకుంది నిబియా. ఎనభైకి దగ్గరపడుతున్న ఒంటరి మనిషి. ఆసుపత్రి తనని కనిపెట్టుకుని ఉందన్న ధీమాతో రోజులు నెట్టుకొస్తోంది. ఆ ధీమా కాస్తా లాగేస్తే ఏమైపోతుందోనని భయం వేసింది. చెప్పాల్సిన మాట మింగేసి మూడు ప్రశ్నలూ అడిగింది. మూడు నెలలయ్యాక మళ్లీ అడిగింది. అలా నాలుగేళ్లు గడిచిపోయాయి.

ఇవాళ రెండో రింగుకే జుల్మా ఫోనెత్తింది.

"బతికే ఉన్నాను. దయ్యాలు ఫోనెత్తవు. రాసుకో."

నిబియా రాసుకున్నానంది. రాసుకునే కాగితం లేక నాలుగేళ్లయింది. కొత్త గడ్డలేం లేవు, కొత్త మందులేం లేవు. ఎడమ మోకాలు మాత్రం నొప్పి పెడుతోందట, అదీ రాయమంది. తన వంతు అయిపోగానే, ఎప్పటిలాగే జుల్మా ఎదురు ప్రశ్నలు మొదలుపెట్టింది. నిద్ర పడుతోందా, వేళకి తింటున్నావా అని. పెద్దవాళ్ల అలవాటు కదా అని నిబియా ఓపిగ్గా చెప్తుంది.

"ఇక్కడ వాన. రొట్టెలు వేయిస్తున్నా," అంది జుల్మా. వాన పడితే ఇంటింటా నూనెలో రొట్టెలు వేయించుకోవడం ఆ దేశంలో ఆనవాయితీ. "అక్కడో?"

"ఇక్కడా నిన్నట్నుంచీ వానే."

"మరి నువ్వు వేయించుకున్నావా? పోయినసారి అడిగితే ఒక్కదానికోసం పిండి ఏం కలుపుతానన్నావు."

"నిన్న సాయంత్రం వేయించాను. వాల్తెర్ పోయాక ఇదే మొదలు. సగం మాడిపోయాయి. పక్కింటావిడకి ఇస్తే, బొగ్గులు ఎందుకిచ్చావంది," అంటూ నిబియా నవ్వేసింది. నవ్వాక తనకే ఆశ్చర్యం వేసింది.

అవతల పెన్సిలు గీస్తున్న చప్పుడు వినిపించింది. జుల్మా తన ఒంటి సంగతులు ఓ కాగితం మీద రాసిపెట్టుకుంటుందని నిబియాకి తెలుసు. అంత శ్రద్ధగల మనిషితో ఈ మాట చెప్పడానికి నోరెలా వస్తుంది? డాక్టరు ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు.

"జుల్మా గారూ, మీకో మాట చెప్పాలి. ఈ ట్రయల్ ఉందే..."

"ఉండు తల్లీ, నూనె కాగిపోతోంది."

వెళ్లిన మనిషి ఎంతకీ రాలేదు. తిరిగొచ్చేసరికి నిబియా కూడగట్టుకున్న ధైర్యం కాస్తా నీరుగారిపోయింది.

"ఏదో అంటున్నావు?"

"ఏం లేదు. వచ్చేసారి నుంచి ఆసుపత్రి ఫోను కాదు, మా ఇంటి నుంచి చేస్తాను. పద్ధతి మారింది."

"మంచి పద్ధతే. తీరిగ్గా మాట్లాడుకోవచ్చు. ఆదివారం చెయ్యి. మూడు నెలలూ ఆగాలా? వారానికోసారి అడిగితే సైన్సుకేమైనా నష్టమా?"

"నష్టమేం లేదండీ," అంది నిబియా.

ఫోను పెట్టేశాక, చెప్పలేకపోయానని డాక్టరుతో ఒప్పుకుంది. ఈ ఫోను నుంచి మాత్రం ఇక చెయ్యనంది. ఇంటి ఫోనుకి నిబంధనలేం ఉండవని గొణిగి అతను వెళ్లిపోయాడు.

తక్వరెంబోలో జుల్మా చేతికంటిన పిండి తుడుచుకుని, మడతల దగ్గర నలిగిపోయిన కాగితాన్ని మళ్లీ దగ్గరికి లాక్కుంది. దాని వెనకవైపు పదహారు పాత తేదీలున్నాయి. మొట్టమొదటి తేదీ ఎదురుగా 'నిబియా తినట్లేదు, నిద్రపోవట్లేదు, ఏడుపు దాస్తోంది' అని రాసి ఉంది. ఇందాక వేసిన పదిహేడో తేదీ ఎదురుగా 'వానకి రొట్టెలు వేయించుకుంది. నవ్వింది' అన్న మాటల్ని తృప్తిగా ఇంకోసారి చదువుకుని, కాగితం మడిచి బిస్కెట్ల డబ్బాలో పెట్టింది.

అది, ట్రయల్ ముగిసిందని ఆసుపత్రి పంపిన ఉత్తరం.