పడవ మీది నంబరు

పెడళ్ళు మళ్ళీ జారాయి.

జావీద్ కాళ్ళు గిరగిరా తిరుగుతున్నాయి. పడవ మాత్రం అతని మాట వినడం మానేసి, తాపీగా అలుగు వైపు పోతోంది. చెరువు నిండి అలుగు పారుతోంది. నీళ్ళు కింది బండల మీద పడే హోరు ఇక్కడికే వినిపిస్తోంది. అతనికి ఈత రాదు. తెడ్డు గట్టు మీదే వదిలేశాడు. కాళ్ళతో తొక్కే పడవకు తెడ్డెందుకని ఆ మహానుభావుడి ఉద్దేశం.

ఖమ్మంలో టైర్ల షాపు చూసుకుంటూ హాయిగా కూర్చోక, ఈ పడవ సరదా ఒకటి పట్టుకుంది. రమణ అనే అతని దగ్గర మొన్ననే కొన్నాడు. ఇంట్లో తెలిస్తే గొడవని, ఎవరికీ చెప్పకుండా టేకులపల్లి దాటి ఈ అడవి చెరువుకు తెచ్చాడు. చుట్టూ నరమానవుడు లేడు.

పక్కకు వంగితే పడవ మీద వెలిసిపోయిన రంగు అక్షరాలు కనిపించాయి. 'బోటు షికారుకు నాగక్క'. కింద ఫోన్ నంబరు. ఆ నంబరు నొక్కాడు.

"ఎవరు?" ఆడగొంతు.

"నాగక్కా, ఖమ్మం టైర్ల షాపు జావీద్‌ని. మీ పసుపు బోటు రమణ దగ్గర కొన్న. టేకులపల్లి అవుతల అడవి చెరువుల ఉన్న, పెడళ్ళు జారుతున్నయ్, అలుగు దిక్కు పోతున్న. మీ ఆయనకు ఇయ్యి ఫోన్."



"దాన్ని అమ్మకు, పలగ్గొట్టుమని చెప్పిన మా మరిది రమణకు," అంది నాగక్క. "ఆయన లేడు. నాకు చెప్పు. అలుగుకు ఎంత దూరమున్నవ్?"

"దగ్గర్లనే. జల్దీ చెప్పక్కా."

"తెడ్డు ఏది?"

"గట్టు మీద."

"తలకాయ ఉన్నదా నీకు? ఎవడు ఎక్కమన్నడు ఆ బోటు?"

జావీద్‌కు ఒళ్ళు మండింది. మనిషి ప్రాణం మీదికొస్తే ఇదేం నోరు? ఫోన్ పెట్టేద్దామనుకున్నాడు.

"ఫోన్ పెట్టినవంటే సంపుత," అంది నాగక్క. "స్పీకర్ల పెట్టి ఒడిల ఉంచుకో. తొక్కుడు బంద్ చెయ్."

"తొక్కకుంటే అలుగు మీదికి పోత గద."

"తొక్కి ఎటు పోతున్నవ్ ఇప్పుడు?"

జావీద్ కాళ్ళు ఆపాడు.

"పెడళ్ళ డబ్బా పైకి లేపు. కింద రెక్కకు నాచు చుట్టుకున్నదా చూడు."

చుట్టుకుంది. గుప్పెళ్ళతో పీకి పారేశాడు. డబ్బా దించి తొక్కాడు. మళ్ళీ జారింది.

"కుడి పెడల్ పట్టుకొని ఊపు. ఇరుసు మీద వదులుగ ఆడుతుందా?"

"ఆడుతుంది."

"బోల్టు బిగియ్యి."

"పానా లేదు."

"టైర్ల షాపోడివి, పానా లేదు. నీ మొహం మీద మన్ను వడ. దస్తీ ఉన్నదా?"

"ఉన్నది." జేబులోంచి చేతిరుమాలు లాగాడు.

"నీళ్ళల్ల ముంచు. పెడల్ ఊడబీకి ఇరుసుకు దస్తీ చుట్టు. దాని మీద మళ్ళ ఎక్కిచ్చి చెప్పుతోని కొట్టు."

తడి దస్తీ రెండుసార్లు చేతిలోంచి జారింది. జారినప్పుడల్లా ఆమె తిట్టింది. కన్నతల్లి కూడా జావీద్‌ను అన్ని మాటలు అనలేదు. నీళ్ళ భయం కన్నా ఆ నోటి మీద కోపం ఎక్కువైంది. ఆ కోపమంతా చెప్పులోకి తెచ్చి పెడల్ మీద బాదాడు. అలుగు అంచున నీళ్ళు నున్నగా వంగి కిందికి జారడం ఇప్పుడు కళ్ళకు కనిపిస్తోంది.

"ఎక్కింది."

"మెల్లగ తొక్కు. గట్టిగ తొక్కితే మళ్ళ జారుతది. నీళ్ళకు ఎదురు పోకు, అడ్డంగ పో. తుమ్మచెట్లు కనవడుతున్నయా? గా దిక్కు."

పడవ ఒక ఊపు ఊగింది. తర్వాత కదిలింది. జావీద్ ఊపిరి బిగబట్టి తొక్కుతున్నాడు.

"మాట్లాడు," అంది నాగక్క.

"ఏం మాట్లాడాలె?"

"ఏదో ఒకటి. నన్ను తిట్టు. నోరు మాత్రం మూయకు."

అడిగి తిట్టించుకుంటానంటే జావీద్‌కేం అడ్డం? నోరారా తిట్టాడు. ఆమె పొగరును తిట్టాడు, చెత్త పడవ అంటగట్టిన రమణను తిట్టాడు, ఆ ఇంటిల్లిపాదినీ తిట్టాడు. అన్నిటికీ ఆమె "అవ్, ఇంకా?" అంటూనే ఉంది.

పడవ ముక్కు తుమ్మచెట్ల మధ్య బురదలో దిగబడింది. జావీద్ మోకాళ్ళ మీద పాకుతూ గట్టు మీదికి చేరాడు. బతుకుజీవుడా అని వెల్లకిలా పడ్డాడు. చేతిలో ఫోన్ ఇంకా లైన్లోనే ఉంది.

"గట్టెక్కిన," అన్నాడు.

"కాళ్ళు నేల మీదున్నయా?"

"ఉన్నయ్."

ప్రాణం కుదుటపడగానే కోపం రెట్టింపుగా లేచింది.

"సచ్చేటోన్ని పట్టుకొని గన్ని తిట్లు తిడుతరా? ఏది ఎందుకు జారుతదో, ఏం చుట్టాల్నో, ఎటు తొక్కాల్నో అన్నీ ఎరికే నీకు. ఇంత తెలిసినదానివి, మీ ఆయనతోని బాగుచేయించక నా పానం మీదికి తెచ్చినవ్."

నాగక్క తిట్టలేదు. ఈసారి ఆ గొంతులో పొగరు లేదు.

"అలుగు మీదికి కొట్టుకపోతుంటె మా ఆయన గూడ నాకే ఫోన్ చేసిండు తమ్ముడూ, ఆ పొద్దు నాకు ఇందుల ఒక్కటి గూడ తెల్వకపాయె."