రాని పాఠం

“ఆకుపచ్చ బొత్తాం నొక్కమంటే మళ్ళీ ఎర్రదే నొక్కారేంటి పిన్నీ!”

ప్రచారం అమ్మాయి తల పట్టుకుంది. కేంద్ర బ్యాంకు కొత్తగా తెచ్చిన డిజిటల్ డబ్బును ఎలా వాడాలో ఆపరేటరమ్మకు నేర్పడానికి ఆమె ఆ మెట్లెక్కడం ఇది ఇరవయ్యోసారి.

“నా వేళ్ళు మొద్దుబారిపోయాయే తల్లీ,” అంది ఆపరేటరమ్మ. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్ఫై రెండేళ్ళు ఊరందరి గొంతుల్నీ కలిపి రిటైరైన మనిషి. ఇప్పుడు ఆ అద్దెగదిలో ఆమెకు వినిపించే గొంతు, కారే కుళాయిదొక్కటే.

“సరే, మొదటి నుంచి చెప్తాను. ఇదీ నోటే. కాకపోతే పర్సులో కాకుండా ఫోన్లో ఉంటుంది.”

“నోటయితే దిండు కింద దాచుకోవచ్చా?”

“ఫోన్ పెట్టుకోండి, దాచుకున్నట్టే.”

“చిరిగితే?”

“చిరగదు.”

“పారేసుకుంటే?”

“ఫోన్ పోతే బ్యాంకుకి చెప్పాలి. పోయిన వారమూ ఇదే అడిగారు!”

“అడిగానా? చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది పాపం నీ పని.”

ఇద్దరూ నవ్వుకున్నారు. టీ తాగారు. అమ్మాయి గంటన్నర కూర్చుంది. లేస్తూ, “తొందరేం లేదు పిన్నీ, నిదానంగానే వస్తుంది. వచ్చే గురువారం కలుద్దాం,” అంది. మెట్లు దిగిన ఆమె చెప్పుల చప్పుడు వీధి మలుపు దాకా విని, ఆపరేటరమ్మ తలుపు వేసుకుంది.

సాయంత్రం కింది కొట్లో సబ్బు కొంది. కళ్ళజోడైనా పెట్టుకోకుండా ఫోన్ తీసి, రెండు నొక్కుల్లో డబ్బు పంపేసింది.

“ఈ వీధిలో సగం మందికి మీరే నేర్పారు. అయినా మీ వేళ్ళ స్పీడు ఎవరికీ రాలేదండీ,” అన్నాడు కొట్టతను.

ఆమె నవ్వలేదు. ఇందాక అమ్మాయి గుమ్మంలో వంగి, తెగిన చెప్పుకి పిన్నీసు పెట్టుకోవడం కళ్ళలో మెదిలింది. నా గదిలో ఓ మాట వినపడాలని ఆ పిల్లని ఎండలో తిప్పుతున్నాను. ఒక్క ముసలిదానికి ఐదు నెలలుగా నేర్పలేకపోయిందని పైవాళ్ళు దాన్ని ఎన్నేసి మాటలంటున్నారో అనుకుంది.

మర్నాడు, అమ్మాయిని ప్రచారానికి పంపిన బ్యాంకు తలుపులు తెరవగానే వెళ్ళి మేనేజర్ ఎదుట కూర్చుంది.

“మా ఇంటికొచ్చే ప్రచారం అమ్మాయిని ఏమీ అనకండి బాబూ. తప్పంతా నాది. మొదటి రోజే నేర్చేసుకున్నాను. రానట్టు నటిస్తున్నాను.”

“నటించడం ఎందుకండీ?”

ఆపరేటరమ్మ చేతిలోని ఫోన్‌ని చెంగుతో తుడిచింది.

“నాకు వచ్చేస్తే, తను రాదు కదా.”

మేనేజర్ అయోమయంగా చూశాడు. “ఎవరి గురించండీ మీరనేది? ఆ ప్రచారం ముగిసి నాలుగు నెలలైంది. అందరినీ అప్పుడే పంపించేశాం.”

“అదేంటి, నిన్ననే వచ్చి వెళ్ళింది!”

అతను బీరువాలోంచి పాత రిజిస్టరు తీశాడు. పేజీలు తిప్పి, ఒకచోట ఆగి, దాన్ని ఆమె వైపు జరిపాడు.

ఆమె చిరునామా ఎదురుగా, మొట్టమొదటి గురువారం తేదీ కింద, అమ్మాయి గుండ్రటి చేతిరాత ఉంది: “ఈవిడకి అరగంటలో అంతా వచ్చేసింది. మళ్ళీ వెళ్ళక్కర్లేదు.”