తూకానికీ టేపుకీ పడలేదు

తాంపెరే నగరంలోని మా ఆఫీసులో నా ఎదురు బల్ల తౌనోది. రోజూ కాఫీ వేళకి తన దాల్చినచెక్క బన్ను నా పళ్లెంలోకి తోసి, "మింగరా, పీపా," అనేవాడు. కసికొద్దీ మింగేవాణ్ణి.

ఆఫీసువాళ్ల ఆరోగ్య పరీక్షకి ఇద్దరం ఒకేసారి వెళ్లాం. తూకం వాడి పక్షాన నిలిచింది. బాగా తగ్గాడు.

"చూసి ఏడువు," అన్నాడు నాతో.

నర్సు వాడి నడుముకి టేపు చుట్టింది. నిరుటికన్నా పెరిగింది.

"కొవ్వంతా ఆ బానలో దాచావట్రా?" అని పగలబడి నవ్వాను.

నర్సు నవ్వలేదు. వాడి పొట్ట మీద వేళ్లతో తట్టి చూసింది.

"కొవ్వయితే బరువు తగ్గదు. కడుపులో నీరు చేరినట్టుంది. తిండి ఎప్పట్నుంచి సయించట్లేదు?"

తౌనో నా వైపు చెయ్యి చూపించాడు.

"వీణ్ణడగండి. నా బన్నులన్నీ తిన్నది వీడే."