సంహిత సాయంత్రాలు

“రేపు సాయంత్రం నాలుగున్నరకు మనకు తెలిసినోళ్ల పిల్లకు కాన్పు ఆపరేషన్. ముహూర్తం పెట్టింది నేనే. నా కోడలే మత్తియ్యనంటే ప్రొద్దుటూర్లో నా పరువేం గావల్ల?” పురోహితుడు గురురాజారావు నిలదీశాడు.

“నాలుగు దాటితే నేను ఆస్పత్రిలో ఉండను మామయ్యా. పిల్లలు బడి నుంచి వచ్చే పొద్దు అది,” అంది సంహిత.

“రేపటికి నేను చూసుకుంటాలేమ్మా!”

“ఈ మాట నాకు సర్జరీ సీటొచ్చిన పొద్దు అనింటే సర్జన్ అయ్యుందును. పిల్లల్ని ఎవరు చూస్తారని వద్దంటిరి. అందుకే దుడ్లూ వచ్చి, సాయంత్రాలూ మిగులుతాయని ఈ మత్తు డాక్టరు పని పట్టినా. ఇప్పుడు ఆ సాయంత్రాలు గూడా అడుగుతాండారా?”

ఆమె నియమానికి మూలం తన మాటేనని ఆయనకు అప్పుడు తెలిసింది. ఫోన్ తీసి గర్భిణి తండ్రికి చేశాడు.

“అప్పా, రేపు పొద్దున పదకొండుకు ఇంకా శానా మంచి లగ్నం ఉండాది.”