సరిపోయే అడాప్టర్

"వోల్టులు సరే, ఆంపియర్లు చూశావా?" అంటూ ఆయన అడాప్టర్‌ను బల్ల మీదికి విసిరినంత పని చేశాడు. కొట్టువాడు బిత్తరపోయాడు. ల్యాప్‌టాప్‌ను చంటిపిల్లలా పొదివి పట్టుకుని పక్కనే నిలబడ్డ భార్య గోడ గడియారం వైపు చూసింది. రెండున్నర.

నాలుగింటికి ఆమెకు పరీక్ష. వేరే ఊళ్లో ఇళ్ల ప్లాన్లు గీసే ఉద్యోగం. నాలుగింటికి వాళ్లు కొలతలు పంపుతారు, ఐదింటికల్లా గీసి పంపాలి. గీసే సాఫ్ట్‌వేర్ ఉన్నది ఈ ల్యాప్‌టాప్‌లోనే. దీని బ్యాటరీ ఏనాడో చచ్చింది, తీగ తగిలిస్తేనే పనిచేస్తుంది. పొద్దున అడాప్టర్ కాస్తా చిటపటమని ఊరుకుంది. పెళ్లయిన పన్నెండేళ్లకు తలుపు తట్టిన అవకాశం ఒక నల్లడబ్బా దగ్గర ఆగిపోయిందంటే ఆమెకు ఒళ్లు మండిపోతోంది.

భర్త మీద మాత్రం కోపం లేదు. ఆ ఉద్యోగం వద్దని మూడు నెలలు పోట్లాడిన మనిషి, ఇవాళ సెలవు పెట్టి మరీ వెంట వచ్చాడు. ఆయన శిక్షణ కళాశాలలో ఎలక్ట్రికల్ పాఠాలు చెబుతాడు. కోపం ముక్కు మీదే ఉంటుంది, విద్యార్థులు చాటుగా షార్ట్ సర్క్యూట్ సార్ అంటారు. ఇంట్లో కరెంటు విషయంలో ఆయన మాటకు తిరుగులేదు.

మొదటి కొట్టులో పిన్ను వదులైంది. ఈ రెండో కొట్టులో పిన్ను సరిపోయింది, వోల్టులు సరిపోయాయి. కానీ ల్యాప్‌టాప్‌కు కావలసింది మూడు ఆంపియర్లైతే, అడాప్టర్ మీద నాలుగున్నర అని రాసి ఉంది. "దీన్ని పెడితే లోపలి బోర్డు మాడి మసైపోతుంది. పద," అన్నాడాయన.

మూడో కొట్టు నడిపేది ఒక పెద్దావిడ. ఆమె దగ్గరా నాలుగున్నరదే ఉంది. ఆయన మళ్లీ చిందులు తొక్కాడు. పెద్దావిడ తొణకలేదు.

"ఎక్కువున్నా ఫర్వాలేదు సార్. దానికెంత కావాలో అంతే తీసుకుంటుంది. ఇక్కడే పెట్టి చూపిస్తాను, ఇలా ఇవ్వమ్మా."

ఆవిడ చెయ్యి చాచేసరికి భార్యకు చిర్రెత్తుకొచ్చింది. టైము మూడుంబావు. సరైన సరుకు ఉంచుకోరు, పైగా పాఠాలు. ల్యాప్‌టాప్‌ను వెనక్కి లాక్కుంది.

"మా ఆయన ఇరవై ఏళ్లుగా పిల్లలకు చెబుతున్నది ఈ పాఠమే. తాతకు దగ్గులు నేర్పకండి."

పెద్దావిడ ఆయన వంక ఒక్క క్షణం చూసి, అడాప్టర్‌ను మళ్లీ పెట్టెలో పెట్టేసింది.

నాలుగో కొట్టుకు చేరేసరికి నాలుగూ పది. ఆమె వీధిలోనే నిలబడి ఆ ఊరికి ఫోన్ చేసింది. ఆమె వంతు దాటిపోయిందని, ఇంకొకరికి కొలతలు పంపేశామని చెప్పారు. కొట్లవాళ్లందరినీ నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ ఇల్లు చేరింది. ఆయన టీ పెట్టి ఇచ్చాడు. పోనీలే, ఇంకోటి రాకపోదులే అని ఓదార్చాడు. ఇలాంటి మనిషితో మూడు నెలలు గొడవపడ్డానే అని ఆమెకు సిగ్గేసింది.

ఆదివారం పొద్దున పరీక్ష పేపర్ల కట్ట ముందేసుకుంది. ఆయన దిద్దడం, ఆమె మార్కులు కూడడం పెళ్లయినప్పటి నుంచీ అలవాటు. ఆయన క్షవరానికి వెళ్లాడు. సగం కట్ట అయ్యాక ఒకచోట ఆమె చెయ్యి ఆగింది. మూడు ఆంపియర్లు కావలసిన యంత్రానికి, అవే వోల్టులున్న ఐదు ఆంపియర్ల అడాప్టర్ పెడితే ఏమవుతుందని ఏడో ప్రశ్న. కాలిపోతుందని రాశాడు విద్యార్థి. దానికి ఎర్ర సిరాతో సున్నా.

ఆమెకు ఆ పిల్లవాడి తరఫున కోపం వచ్చింది. సరిగ్గా రాసినవాడికి సున్నా ఏమిటి, ఈ మనిషి ఏ ధ్యాసలో దిద్దాడు? పొరపాటు చూపించి గట్టిగా నిలదీయాలని, ఆయన చేత్తో రాసుకున్న జవాబుల కాగితం తీసి ఏడో నంబరు చూసింది.

"ఏమీ కాదు, నిశ్చింతగా వాడవచ్చు."