ఆరు గదుల షెడ్డు

చిన్న ఇంజను ఎక్కగానే బల్ల ఒక పక్కకి ఒరిగిపోయింది.

అది ఏడోసారి. పళ్ల మేస్త్రి స్క్రూడ్రైవరు గడ్డిలోకి విసిరేశాడు.

ముప్పై ఎనిమిదేళ్లు కట్టుడు పళ్ల సెట్లు చేసిన మనిషి. రిటైరయ్యాక పుట్టిన ఊరికి తిరిగొచ్చి, ఇంటి ముందు తోటలో చిన్న రైలు వేస్తున్నాడు. పట్టాలు వేయడం అయిపోయింది. మిగిలింది ఊళ్లో ఒకప్పుడున్న ఇంజన్ల షెడ్డుకు నమూనా. అర్ధచంద్రాకారంలో ఆరు గదులు, వాటి ముందు గుండ్రటి గోతిలో ఇంజన్ని తిప్పే బల్ల. గోడలు పళ్ల అచ్చులకు వాడే ప్లాస్టరుతో పోశాడు. బల్లకు ఇరుసు ఒక పాత సైకిలు హబ్బు.

"ఇంకో వేలెడు ముందుకు జరుపు బాబూ."

గేటు బయట ఎవరో ముసలావిడ.

"ఏంటి?"

"బరువు నడిమికి రావాలి. వస్తే చిటికెన వేలితో తోసినా తిరుగుతుంది. అంత పెద్దదాన్నీ ఇద్దరే తోసేవాళ్లు."

"మీరెవరు?"

"ఆ షెడ్డులో బూడిద ఊడ్చేదాన్ని." ఆమె చూపు చిన్న ఇంజను మీదే ఉంది. "ఆ నంబరు... ఎవరి ఇంజనది?"

"మా నాన్నది. డ్రైవరు. నాకు నాలుగేళ్లప్పుడు ఆ షెడ్డులోనే ప్రమాదంలో పోయాడు."

ముసలావిడ గేటు ఊచ పట్టుకుని అతని ముఖంలోకి చూసింది. తర్వాత వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

ఆమె వీధి మలుపు తిరిగేదాకా ఆగి, మేస్త్రి ఇంజన్ని వేలెడు ముందుకు జరిపాడు.

బల్ల చప్పుడు లేకుండా చుట్టూ తిరిగొచ్చింది.

మర్నాడు ఆమె మళ్లీ వచ్చింది. మేస్త్రి భార్య లోపలికి పిలిచి కుర్చీ వేసింది.

"పట్టాల మధ్య గుంటలేవి?" అంది ముసలావిడ కూర్చుంటూనే.

"ఏం గుంటలు?"

"బూడిద గుంటలు. ఇంజను కడుపులో బూడిద ఎక్కడ పడాలి, నీ నెత్తినా?"

భార్య పకపకా నవ్వింది. మేస్త్రికి ఒళ్లు మండింది. ఆ షెడ్డుది అతని దగ్గరున్నది ఒకే ఒక్క పాత ఫొటో. అందులో గుంటలు కనబడవు. అయినా ఆరు గదుల నేలా పగలగొట్టి గుంటలు చేశాడు.

తర్వాత పొగ గొట్టాలు తక్కువయ్యాయంది. ఆ తర్వాత తలుపులు లోపలికి కాదు, బయటికి తెరుచుకోవాలంది. అన్నీ చేశాడు. గొణుగుతూ చేశాడు.

"ఆవిడ చెప్పిందల్లా చేస్తూ ఆవిడ మీదే విసుక్కుంటారేంటండీ?"

"షెడ్డు కట్టేది నేనా, ఆవిడా?"

రంగులు వేసే రోజున మేస్త్రి తన నాన్న ఇంజన్ని నాలుగో గదిలో పెట్టాడు.

"అందులో వద్దు బాబూ." ముసలావిడ కుర్చీలోంచి ముందుకు వంగింది.

"ఎందుకు వద్దు?"

"నిలబడి చెప్పే మాట కాదు. చేతులు కడుక్కుని రా. ఇలా కూర్చో."

"ఇంకో మార్పా?" మేస్త్రి బ్రష్షు డబ్బా మీద ఠప్పున పెట్టాడు. "చూడండమ్మా, మీరు ఊడ్చింది వేరే షెడ్డు. ఇది నాది. దీన్ని నాకు వదిలేయండి."

ఆమె చెంగు సర్దుకుని లేచింది.

"తీరిక దొరికినప్పుడు పిలువు నాయనా. వస్తాను."

అతను పిలవలేదు.

రెండు వారాల తర్వాత భార్య బజారు నుంచి వస్తూనే సంచీ గడపలో దించేసింది.

"ఆ షెడ్డు పిన్నిగారు పోయారటండీ. జ్వరమట. నాలుగు రోజులైందట."

"అయ్యో" అన్నాడు మేస్త్రి.

తలుపుల మడతబందులకు ఇంకా రంగు పడలేదు. మళ్లీ వంగి పనిలో పడ్డాడు.

షెడ్డు పూర్తయిన రోజున పాత రైల్వే వాళ్లను రమ్మన్నాడు. బతికున్నవాళ్లే తక్కువ. వచ్చింది ఒక్కరే, ఫోర్‌మన్‌గా రిటైరైన పెద్దాయన. కర్ర ఊతంతో నడిచి వచ్చి, షెడ్డు దగ్గర వంగి ఒక్కో గదీ చూశాడు.

"ఈ గుంటలు, ఈ తలుపులు... అచ్చం అలాగే ఉన్నాయే! ఎవరు చెప్పారు నీకు?"

"అక్కడ ఊడ్చేదట, ఒక ముసలావిడ వచ్చేది లెండి. మొన్నీమధ్యే పోయింది."

"పోయిందా?"

పెద్దాయన కర్ర మీద రెండు చేతులూ ఆనించి నిలబడిపోయాడు.

"నీతో మాట్లాడిందా?"

"మాట్లాడకేం? అది మార్చు, ఇది మార్చు అని ప్రాణం తీసేది."

"అది కాదు బాబూ. మీ నాన్న గురించి?"

"లేదే."

పెద్దాయన కుర్చీలో కూర్చున్నాడు. భార్య మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆయన గ్లాసు పట్టుకున్నాడు గానీ తాగలేదు.

"ఆ నాలుగో గదిలో మీ నాన్న ఇంజను ఆవిరి గొట్టం పగిలినప్పుడు మేమంతా బయటికి పరిగెత్తాం. నేను కూడా పరిగెత్తాను. ఇన్నేళ్లలో ఈ మాట ఎవరికీ చెప్పలేదు."

మేస్త్రి తన కుర్చీ ఆయన దగ్గరికి లాక్కున్నాడు.

"లోపలికి వెళ్లింది ఆవిడొక్కతే. మీ నాన్న తల ఒళ్లో పెట్టుకుని, ఆఖరిదాకా ఆయన దగ్గరే కూర్చుంది. ఆయన ఆమెతో ఏదో అన్నాడు. ఏమన్నాడని ఎంతమంది అడిగినా నోరు విప్పలేదు."

"మా అమ్మకైనా చెప్పాల్సింది కదండీ?"

"ఈవిడ ఒళ్లంతా కాలి ఆస్పత్రిలో పడుంది. లేచేసరికి మీ అమ్మ నిన్ను తీసుకుని ఊరు వదిలి వెళ్లిపోయింది."

పెద్దాయన కళ్లు తుడుచుకున్నాడు.

"అది కొడుక్కే చెప్పమన్న మాటని మాత్రం అనేది బాబూ. ఏదో ఒకరోజు నువ్వొస్తావని, నీకే చెప్పాలని, ఆ మాటను ఇన్నేళ్లూ గుండెల్లో దాచుకుని బతికింది."