దొరకి జబ్బు చేసింది

“నీళ్ళు తాగిందా?”

తోటలోంచి పరిగెత్తుకొచ్చిన గంగరాజు అడిగిన మొదటి మాట అది. పెళ్ళాం ఎండకి సోలిపోయి పాక ముందు కూర్చుందే, దానికి దాహమేస్తోందా అని అడిగాడా మహానుభావుడు? లేదు.

“తాగింది. మూకుడంతా ఖాళీ చేసింది. నీ దొరకేం, బానే ఉన్నాడు,” అంది నాగమణి మూతి తిప్పుకుని.

దొరంటే కుక్క. ఒళ్ళంతా తెల్లగా పుట్టిందని ఆ పేరు. ఆగిరిపల్లి పక్కన తిరుపతిరావు గారి మామిడితోటకి ఈ మొగుడూపెళ్ళాలు కాపలా, వీళ్ళకి దొర కాపలా. కాయ దిగే రోజులు కావడంతో కాపురమంతా తోటలోని పాకలోనే.

ఆ కుక్కకి ఏదో మాయరోగం పట్టుకుంది. చిగుళ్ళు సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయి. కళ్ళు పచ్చబడ్డాయి. ఉచ్చ ఎర్రగా పోస్తోంది. నాలుగడుగులు వేస్తే రొప్పు. పోతే పోతుంది, ఇంకో పిల్లని తెచ్చుకోవచ్చులే అనుకుంది నాగమణి. అలా అనుకోడంలో తప్పేం లేదు. గంగరాజు దృష్టిలో కుక్కంటే కాలికి అడ్డొచ్చేది, అడ్డొస్తే తన్నాల్సింది.

అలాంటి మనిషి ఓ పొద్దున్నే దాన్ని గంపలో పడుకోబెట్టి, గంపని సైకిలు వెనక కట్టి, నూజివీడు పశువుల ఆస్పత్రికి బయల్దేరాడు! గంప ఒరిగిపోకుండా పట్టుకోమని పెళ్ళాన్నీ లాక్కుపోయాడు. ఇదేం చోద్యమమ్మా అనుకుంటూ ఆ ఎండలో అన్ని మైళ్ళూ నడిచింది నాగమణి.

కొత్తగా వచ్చిన కుర్ర డాక్టరు దొర చిగుళ్ళు చూశాడు. రక్తం తీసి పరీక్ష చేశాడు.

“ఇది బయట్నించి అంటుకున్న రోగం కాదయ్యా. రోగాల్ని తరమాల్సిన ఒళ్ళే సొంత రక్తాన్ని శత్రువనుకుని చంపేస్తోంది,” అన్నాడు.

“కాపలావాడే కాయలు కోసుకుపోయినట్టాండీ?”

“అచ్చం అలాగే. దీనికి మాత్రలున్నాయి, బెజవాడలో దొరుకుతాయి. పొద్దునా సాయంత్రం మానకుండా వెయ్యాలి. కాస్త కోలుకుంది కదా అని ఉన్నట్టుండి ఆపెయ్యకూడదు. కార్జం ఉడకబెట్టి పెట్టు. పూర్తిగా నయమవుతుందని మాత్రం మాటివ్వలేను.”

“నయం సంగతి తర్వాతండీ. ఈ వారం గట్టెక్కుతుందా?”

డాక్టరు గంగరాజుని ఎగాదిగా చూశాడు. “కుక్క మీద ఇంత ప్రేమున్నవాణ్ణి నేను చూడలేదయ్యా,” అన్నాడు.

నాగమణికి ఒళ్ళు మండిపోయింది.

మండదూ మరి! కిందటేడు తను టైఫాయిడ్‌తో మంచాన పడితే, ఈ మనిషి పుట్టింటికి కబురంపి చేతులు దులుపుకున్నాడు. ఇప్పుడేమో కుక్క మాత్రల కోసం ఎర్రటెండలో బస్సెక్కి బెజవాడ వెళ్ళొచ్చాడు. కార్జాన్ని వేళ్ళతో మెత్తగా మెదిపి, మధ్యలో మాత్ర పెట్టి, “తిను బాబూ, తిను నాయనా” అని బతిమాలుతున్నాడు. తనని ఏనాడన్నా ఓ ముద్ద తినమన్నాడా!

గంగరాజుకి కాలు నిలవడం లేదు. చెట్టెక్కినవాడు సగంలో దిగొచ్చేవాడు. వచ్చి దొర కళ్ళు చూసేవాడు, చిగుళ్ళు చూసేవాడు, నీళ్ళ మూకుడు చూసేవాడు. ఇటు ఈ పరామర్శలు సాగుతుంటే అటు కోతులు గుంపులుగా వచ్చిపడి కాయ కొరికి పారేస్తున్నాయి. తిరుపతిరావు గారు వచ్చి చూసి మండిపడ్డాడు.

“ఒరే, నిన్ను కాపలా పెట్టింది తోటకా, కుక్కకా?”

“ఈ నాలుగు రోజులూ ఓర్చుకోండి బాబుగారూ,” అని దణ్ణం పెట్టేశాడు గంగరాజు.

మర్నాడు మధ్యాహ్నం దొర కళ్ళు తెరవలేదు. మూతి దగ్గర నీళ్ళు పెడితే మొహం తిప్పేసుకుంది. గంగరాజు మొహంలో నెత్తురు చుక్క లేదు. పాక గుంజని పట్టుకుని నిలబడ్డాడు.

“నాగీ, దీనికేమన్నా అయితే నేను బతకనే!” అని బావురుమన్నాడు.

కన్నతల్లి పోయినప్పుడు కూడా కన్నీటి బొట్టు రాల్చని మనిషి! నాగమణి గుండె నీరైపోయింది. కోపం, ఉక్రోషం ఎటు పోయాయో తెలీదు. గబగబా వచ్చి దొర తల ఒళ్ళో పెట్టుకుంది. మాత్ర నూరి గంజిలో కలిపి, గుడ్డ పీలికతో బొట్టు బొట్టుగా నోట్లో పిండింది. “తాగరా తండ్రీ, మా ఆయన కోసమన్నా తాగరా” అంటూ కూర్చుంది. నడుం పట్టేసినా కదల్లేదు. పొద్దు వాలేసరికి దొర గుటక వేసింది. తర్వాత తనంతట తనే తలెత్తి మూకుట్లో నీళ్ళు నాకింది.

గంగరాజు అక్కడే కూలబడి ఏడుస్తూ నవ్వాడు.

ఇంత మెత్తని మనసున్నవాడితో ఇన్నేళ్ళు కాపురం చేసి, బండరాయని తిట్టుకున్నానే, నా కళ్ళు పోనూ, అనుకుని నాగమణి సిగ్గుపడింది. ఆ రోజు నించీ కార్జం తనే ఉడకబెట్టింది, మాత్ర తనే వేసింది.

దొర చిగుళ్ళకి కాస్త ఎరుపొచ్చింది. ఓ పొద్దున్న లేచి, తూలుకుంటూనే చెట్టు కిందకెళ్ళి, కోతుల మీద గయ్యిమంది. అది చూసి గంగరాజు ఈలేశాడు. తలపాగా తీసి గాల్లోకి ఎగరేశాడు. ఎన్నాళ్ళకో మంచం వాల్చుకుని, కాలు మీద కాలేసుకుని పడుకున్నాడు.

నాగమణి వచ్చి మంచం పట్టె మీద కూర్చుంది. అడగాలా వద్దా అని కాసేపు కొంగు మెలిపెట్టింది. ఆఖరికి అడిగేసింది.

“ఏవయ్యా, రేపు నేను మంచాన పడితే నన్నూ ఇలాగే చూసుకుంటావా?”

గంగరాజు పకపకా నవ్వాడు.

“ఓసి పిచ్చిదానా, కరిచిన కుక్క పది రోజులు బతికుంటే బొడ్డు చుట్టూ సూదులు పొడిపించుకోనక్కర్లేదన్నారు గనక దీనికి ఇంత ఊడిగం చేశాను గానీ, నువ్వేమన్నా నన్ను కరిచావా?”